కడాయిలో చేపలకు కాళ్లొచ్చిన వానకాలం

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. నిజామాబాద్‌లో జువాలజీ డిగ్రీ పూర్తిచేసి వేల్పూర్‌లోని మా ఇంటికి వచ్చి, ఉద్యోగం దొరికేలోగా ఊరందరికీ సైన్సు చెప్పడానికి సిద్ధంగా కూర్చున్నాను. అడిగేవాళ్లే లేరు. సరిగ్గా అప్పుడే రెండో కాన్పుకని వచ్చిన అక్క, తన ఐదేళ్ల కూతురు చిట్టిని నాకు అప్పగించింది. మా పెరట్లో ఒకప్పుడు పసుపు ఉడకబెట్టిన పెద్ద ఇనుప కడాయి ఉండేది. బాపు, అంటే నాన్న, మిషను మీద ఉడికించడం మొదలుపెట్టాక దానికి పని పోయింది (నాకింకా పని రాలేదు కనుక ఇద్దరిదీ ఒకే వరస). వానలకు అది సగం దాకా నిండి చిన్న చెరువైంది. ఒక పొద్దున చిట్టి అందులో నల్లగా తోకలాడిస్తూ తిరిగే వాటిని కనిపెట్టింది.

"చిన్నమ్మా, ఇయ్యేంది?"

"చేప పిల్లలు" అన్నాను, తడుముకోకుండా. ఎక్కడి నుంచి వచ్చాయంటే వానతో పడ్డాయన్నాను (కప్ప పిల్లల పాఠం పరీక్షలో ఛాయిస్‌లో వదిలేశాను). ఇక రోజూ తోటకూర ఉడికించి వేయడం, కాకుల్ని తోలడం మా పనైంది. మూడు వారాలకు చిట్టి పరుగెత్తుకొచ్చి, "చిన్నమ్మా, చేపలకు కాళ్లచ్చినయ్" అంది. వెళ్లి చూస్తే నిజంగానే వచ్చాయి. ఒకటి వెల్లకిలా తేలి ఉంది. అది పడుకుందని చిట్టి అంది. ఆ నున్నటి ఇనుప గోడ ఎక్కబోయి మిగతావి జారి జారి పడుతున్నాయి.

మా అవ్వ, అంటే అమ్మ, అరుగు మీద బీడీలు చుట్టుకుంటూనే, "అవి కప్ప పిల్లలే పిచ్చిదానా. కాళ్లచ్చినంక గడ్డకెక్క తావు లేకుంటె మునిగి సస్తయ్. ఇన్నేండ్లు ఏం సదివినవే?" అంది. చదువు మాట తర్వాత చూసుకుందామని, అవ్వ లోపలికి వెళ్లగానే ఆమె బీడీల చాటను ఎత్తుకుపోయాం. తంబాకు వాసన పోయేదాకా మూడుసార్లు కడిగి, ఒక కొస నీళ్లలో, ఒక కొస కడాయి అంచు మీద ఉండేలా వాలుగా పెట్టి, ఇటుక బరువు వేశాం. అవ్వ వచ్చి చూసింది. బుజ్జి కప్పలు వరసగా చాట మీద కూర్చుని ఉన్నాయి. "నా చాటనే దొరికిందా మీకు" అని గొణుక్కుంటూ ఆ వారమంతా స్టీలు పళ్లెంలో చుట్టుకుంది.

ఒక్కొక్కటే దూకి వెళ్లిపోయాయి. చివరిది మాత్రం కడాయి అంచు దాకా వచ్చి కదలదు. "దీనికి దుంకుడు రాదు చిన్నమ్మా. నువ్వు సూపియ్యి" అంది చిట్టి, కళ్లనిండా నీళ్లతో. ఆ నీళ్లు చూశాక నాకింకేం తోచలేదు. చున్నీ నడుముకు బిగించి, గొంతుక్కూర్చుని, పెరడంతా కప్ప గంతులు వేశాను. మూడో చుట్టులో తలెత్తి చూస్తే వెనక అవ్వ నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను. "ఇంకింత వంగు. దానికి కనవడద్దా?" అంది.

కప్ప దూకింది. నన్ను చూసి నేర్చుకుందో, నన్ను చూడలేక పారిపోయిందో చెప్పలేను. ఇప్పుడు నేను బళ్లో సైన్సు టీచర్ని. పిల్లల ముందు చాక్‌పీసు కింద పడినా, చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఎవరైనా చూస్తున్నారా అని చూసుకుని గానీ వంగను. బురదలో గంతులేసిన ఆ ఇరవై రెండేళ్ల పిల్లకు ఆ చూసుకోవడం తెలియదు. తనంటే నాకు ఇప్పటికీ కొంచెం అసూయ.