అత్తగారు వేసిన ముడి

మొన్న మా ఆడపడుచు కూతురి గృహప్రవేశంలో వ్రతానికి దంపతుల్ని పీటల మీద కూర్చోబెట్టారు. పంతులుగారు చుట్టూ చూసి, "పెద్ద ముత్తైదువ ఎవరండీ? వచ్చి కొంగుముడి వెయ్యండి" అన్నారు. అందరూ నావైపు చూశారు. ఆ హోదా నాకెప్పుడొచ్చిందో నాకే తెలియదు. అబ్బాయి కండువా అంచూ, అమ్మాయి చీర కొంగూ పట్టుకుని, మధ్యలో ఒక వక్క, నాలుగు అక్షింతలు పెట్టి ముడి వెయ్యాలి. అంతే పని. చిన్నపిల్లకి లంగా బొందు కట్టడం కన్నా తేలిక. నాకు మాత్రం వేళ్లు వణికాయి. "ఆవిడకి బీపీ ఉందిలెండి" అని ఎవరో సర్దిచెప్పారు. బీపీ కాదు, భయం. అది నాది కూడా కాదు, పోయిన మా అత్తగారిది. ఆవిడ నగలు ఆడపడుచులకి వెళ్లాయి, నాకు ఇది మిగిలింది.

మా అత్తగారికి భయం వెయ్యని వస్తువంటూ ఉండేది కాదు. బల్లి మీద పడితే భయం, కుక్కర్ గట్టిగా కూస్తే భయం, ఫోను మోగితే భయం, చాలాసేపు మోగకపోతే ఇంకా భయం. సామర్లకోటకి కాస్త ఇవతల, బజారు తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేని ఊరు మాది. ఆ బజార్లో మామగారికి నూనెలు, పప్పుల హోల్‌సేల్ షాపు, షాపు వెనకే ఇల్లు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నా చీరలన్నీ వేరుశనగ నూనె వాసన వేస్తున్నాయని ఏడ్చాను గానీ, తర్వాత ఆ వాసన లేకపోతే నిద్ర పట్టేది కాదు. మా ఇంట్లో అన్ని భయాలకీ పెద్ద భయం అన్నవరం సత్యనారాయణస్వామి. వ్రతకథలో ఒక షావుకారు స్వామితో అబద్ధమాడితే పడవలో సరుకంతా ఆకులూ అలములూ అయిపోతుంది కదా, మనం చిన్నప్పటినుంచీ విని, ప్రసాదం ఎప్పుడు పెడతారా అని ఎదురుచూస్తూ మరిచిపోయే కథ. ఆవిడ మరిచిపోలేదు. "అది మనలాంటి షాపులవాళ్ల కోసం చెప్పిన కథేనే అమ్మాయ్" అనేవారు. స్వామి కోరిక తీర్చకపోయినా ఊరుకుంటాడు గానీ, ఎదురుగా కూర్చుని అబద్ధమాడితే మాత్రం ఊరుకోడని ఆవిడ గట్టి నమ్మకం.

రాజకీయాలు ఆవిడకి బొత్తిగా తెలియవు. పార్టీల పేర్లు ఒకదానికొకటి కలిపేసేవారు. అయినా మా బజార్లో ఆడవాళ్ల ఓట్లు ఎటు పడతాయో చెప్పాలంటే ఆవిణ్ణే అడగాలి. శనివారం సాయంత్రాలు మా వరండాలో పారాయణ చేసే జట్టుకి ఆవిడే పెద్ద మరి. ఆవిడ పెట్టే పరీక్ష ఒక్కటే: ఎన్నికల్లో నిలబడ్డవాడు భార్యని పక్కన కూర్చోబెట్టుకుని పూజ చేసుకుంటాడా, లేదా? "పెళ్లాంతోనే సరిగ్గా ఉండనివాడు మనతో ఉంటాడా ఏంటి?" అనేవారు. పేపర్లన్నీ చదివి ఓటేసే మా ఆయన దీనికి నవ్వేవారు. ఆయన ఎంచుకున్నవాళ్లు కూడా ఏమంత ఉద్ధరించలేదులెండి.

మా ఎమ్మెల్యేగారు మొదటిసారి నిలబడినప్పుడు వర్తకుల కల్యాణమండపంలో భార్యతో వ్రతం చేసుకున్నారు. పెద్ద ముత్తైదువని మా అత్తగారిని పిలిచి కొంగుముడి వేయించుకున్నారు. గెలిచారు. అక్కణ్ణించి ఆవిడ చెయ్యి మంచిదని పేరొచ్చింది. ఆయన బజార్లో ఎక్కడ ఎదురుపడినా కారు దిగి ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టేవాడు. ఈవిడ ఇంటికొచ్చి, "ఎంత పద్ధతైన అబ్బాయో!" అని మురిసిపోయేవారు. పద్ధతి అన్న మాట ఆవిడ నోట అంత తేలిగ్గా వచ్చేది కాదు. నేను కాపురానికొచ్చిన ఎన్నో ఏళ్లకి గానీ నాకు దక్కలేదు.

మళ్లీ ఎన్నికలు దగ్గర పడుతున్నాయనగా, ఒకరోజు భోజనాలు చేసి టీవీ పెడితే, రాజమండ్రి నుంచి ఒకావిడ కనిపించింది. పక్కన చిన్న పిల్లాడు, ముందు బోలెడు మైకులు, చేతిలో ఫొటోలు. ఈ పిల్లాడి తండ్రి మీ ఎమ్మెల్యేగారే అంటోంది. కాసేపటికల్లా జట్టు ఆడవాళ్లంతా మా వరండాలో ఉన్నారు. నిజం చెప్పొద్దూ, చిన్నిల్లుందన్న మాటకి వాళ్లెవరూ మూర్ఛపోలేదు. ఒకావిడ మగాళ్లన్నాక మామూలేనంది, ఇంకొకావిడ ఆ పెళ్లాం ఎలా భరిస్తోందో పాపం అంది. కాస్త నాలుక చప్పరించి సరిపెట్టుకునేలాగే ఉన్నారు. ఇంతలో టీవీవాళ్లు ఒక ఫొటోని పెద్దది చేసి చూపించారు. అన్నవరం కొండ మీద వ్రతమంటపం. పీటల మీద ఎమ్మెల్యేగారు, ఆయన పక్కన ఈ రాజమండ్రి ఆవిడ. ఇద్దరికీ మధ్య కొంగుముడి.

"స్వామి ముందా!" అన్నారు ఎవరో, ఏడుపు గొంతుతో. అదీ వాళ్లు తట్టుకోలేకపోయిన సంగతి. సంకల్పం చెప్పుకునేటప్పుడు ఇది నా ధర్మపత్ని అని ఒకసారి ఒక పేరు, ఇంకోసారి ఇంకో పేరు చెప్పాడన్నమాట, అదీ ఎవరితో అబద్ధమాడకూడదో ఆయన ఎదురుగానే కూర్చుని! అత్తగారు కుడిచెయ్యి చీర చెంగులో దాచేసుకున్నారు. "మొదటి ముడి నేనే వేశాను కదే" అన్నారు నాతో. మీరు ముడి వేసినావిడ నిజంగా భార్యే కదా, మీ తప్పేముంది అత్తయ్యా అన్నాను. ఆవిడ విననే లేదు.

ఆ భయానికి తోడు మామగారి గుండె. కాకినాడ డాక్టరుగారు బైపాస్ చెయ్యాల్సిందేనని తారీకు కూడా ఇచ్చేశారు. సరిగ్గా అప్పుడే ఎమ్మెల్యేగారి మనిషి వచ్చాడు. మల్లెపువ్వులాంటి చొక్కా, నుదుట బొట్టు, చేతిలో పళ్ల సంచి.

"ఇదంతా అవతలివాళ్ల కుట్రండీ పెద్దమ్మగారూ. ఫొటోలదేముందండి, ఇప్పుడు ఫోన్లోనే చేసేస్తున్నారు. నామినేషన్‌కి ముందు అయ్యగారు అమ్మగారితో కొండ మీద వ్రతం చేసుకుంటున్నారండి. ముడి మీ చేత్తోనే పడాలని ఆయన పట్టు. టీవీలవాళ్లంతా వస్తారు" అన్నాడు.

"నాకు ఒంట్లో బాగుండట్లేదు బాబూ" అన్నారు అత్తగారు.

"కారు పంపిస్తామండి" అని లేచాడు. షాపు మెట్లు దిగుతూ ఆగి, రోడ్డు వంక జాలిగా చూశాడు. "ఇక్కడ మురిక్కాలవ తవ్వాలని ప్లానండీ. తవ్వితే మళ్లీ ఎప్పటికి పూడుస్తారో, లారీ మీ గుమ్మందాకా రాదండి పాపం. పెద్దమ్మగారి షాపు కదా అని అయ్యగారే ఆపించారండి" అన్నాడు. అన్ని అండీల మధ్య అంత బెదిరింపు పడుతుందని నాకు ఆరోజే తెలిసింది. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "వెళ్లి ఆ ముడేదో వేసేసి వచ్చెయ్యమ్మా" అన్నారు తల్లితో.

మామగారు మాత్రం మంచం మీంచే నవ్వారు. "నువ్వు ముడేసినా మానేసినా నా గుండె కోసేది డాక్టరుగారే. ఆయనకి సంకల్పం అక్కర్లేదు" అన్నారు. అత్తగారు వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "తెలియక వేసింది వేరు. ఇప్పుడు తెలిసి తెలిసి, స్వామి ఎదురుగా, వీడు మంచివాడని నేను ముడివేసి చూపిస్తే, ఆయన ఊరుకుంటాడే? నా దగ్గర తీసుకోవడానికి ఇంకేం ఉంది? ఆ పసుపుకుంకాలే కదా?" అన్నారు. నాకు నవ్వు రాలేదు. అప్పటిదాకా ఆవిడ భయాలకి చాటుగా నవ్వుకున్న దాన్నే, ఆ రోజునుంచి మధ్యాహ్నం మామగారు కునుకు తీస్తుంటే పక్కన నిలబడి ఊపిరి ఆడుతోందో లేదో చూడటం మొదలుపెట్టాను. భయం అంటుకుంటుంది, తలలో పేలలాగే.

కారు వచ్చింది. మా ఆయన బతిమాలి ఆవిణ్ణి ఎక్కించారు, తోడుగా నన్నూ. దారి పొడుగునా ఆవిడ కళ్లు తెరవలేదు. కొండ మీద హాల్లో మేళం ఒకపక్క, కెమెరాలు ఒకపక్క. ఎమ్మెల్యేగారు అలవాటుగా కాళ్ల మీదికి వంగబోతే అత్తగారు వెనక్కి వెనక్కి జరిగి గోడకి తగిలి ఆగారు. నేను పళ్లెంలో అక్షింతలు, వక్కలు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఆయన భార్యని అంత దగ్గరగా చూడటం నాకదే మొదలు. పట్టుచీర, ఒంటి నిండా బంగారం, మొహానికి దట్టంగా పౌడరు. తల వంచుకుని, పీట అంచు పట్టుకుని కూర్చుంది.

అత్తగారు కండువా అంచు అందుకున్నారు. కొంగు అందుకున్నారు. వక్క జారి కిందపడింది. ఇంకోటి ఇచ్చాను, అదీ పడింది. "మెల్లిగా కానివ్వండి పెద్దమ్మగారూ" అన్నారు ఎమ్మెల్యేగారు నవ్వుతూ. నవ్వు నవ్వులాగే ఉంది, మెడ మీద నరం మాత్రం ఉబ్బింది. కెమెరాలవాళ్లు ముందుకు తోసుకొచ్చారు. అత్తగారు రెండు కొంగులూ వదిలేశారు. నా వైపు చూశారు. నావల్ల కాదనబోతున్నారని నాకు తెలిసిపోయింది. దేవుడా, ఇంత మంది ముందు అనేస్తారా, అంటే మమ్మల్ని కొండ దిగనిస్తారా అని నేను తలుపు వైపు చూశాను.

అప్పుడు ఆ భార్య, తల ఎత్తకుండానే, మేళం చప్పుడులో మా ఇద్దరికే వినపడేలా అంది: "వేసెయ్యండి పెద్దమ్మగారూ. మీకు దణ్ణం పెడతాను. ఇది పడకపోతే ఇంటికెళ్లాక నన్ను బతకనివ్వడు."

కొంగు సర్ది ఇవ్వడానికి చెయ్యి ఎత్తింది. గాజులు కిందికి జారాయి. మణికట్టు చుట్టూ నల్లగా కమిలిపోయి ఉంది.

అత్తగారు ఆ చేతినే చూస్తూ ఉండిపోయారు. తర్వాత వంగి రెండు కొంగులూ మళ్లీ తీసుకున్నారు. వేళ్ల వణుకేం తగ్గలేదు. ఆ వణుకుతోనే ముడి వేశారు, దాని మీద ఇంకో ముడి వేశారు. దీర్ఘసుమంగళీభవ అని దీవించాలి. ఆ మాట ఆవిడ నోట రాలేదు. ఆ తల మీద చెయ్యి పెట్టి, "క్షేమంగా ఉండు తల్లీ" అన్నారు. ప్రసాదం ఒక్క రవ్వ కింద పడకుండా తిన్నారు. తిరుగు దారంతా, "ఆయన్నేం చెయ్యకు స్వామీ, ఆయన్నేం చెయ్యకు" అని గొణుగుతూనే ఉన్నారు.

ఇంటికి వచ్చేసరికి జట్టు అంతా వరండాలోనే ఉంది. టీవీలో చూసేశారట. "మీరు ముడి వేశారంటే ఇంకేం అనుమానమండీ, ఆ ఫొటో అబద్ధమే. ఆయనకే వేసేద్దాం" అంది ఒకావిడ, బరువు దిగిపోయినట్టు. అందరి మొహాలూ విచ్చుకున్నాయి. వాళ్లకీ కావలసింది అదే, ఎవరో ఒకరు ఆ ఫొటోని చెరిపేస్తే చాలు. అత్తగారు వీధి వైపు చూశారు, షాపు వైపు చూశారు. తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"ముడి ఆ పిల్ల కోసం వేశాను. ఓటు వాడికి వెయ్యకండి" అన్నారు.

తర్వాత భయమేసి, "నేనన్నానని ఎవరితోనూ అనకండి, మీకు పుణ్యముంటుంది" అని ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని బతిమాలారు. దీపాలు పెట్టే వేళకి బజారంతా తెలుసు.

మామగారి ఆపరేషన్ బాగా జరిగింది. ఎన్నికలూ జరిగాయి. మా జట్టులో కొందరు నోటా నొక్కొచ్చారు, కొందరు కాళ్లనొప్పులని ఇంట్లోనే పడుకున్నారు, ఒకావిడ మాత్రం స్వామి సంగతి స్వామి చూసుకుంటాడు, మాకు రోడ్డు కావాలని ఆయనకే వేసింది. మెజారిటీ బాగా తగ్గింది గానీ ఆయనే గెలిచాడు. మా షాపు ముందు కాలవ తవ్వేశారు. చెక్కబల్ల మీంచి నూనె డబ్బాలు మోయిస్తూ మా ఆయన తిట్టని రోజు లేదు. అత్తగారికి మాత్రం ఆ కాలవని చూస్తే ఏదో ఆశ. "దీంతో సరిపెట్టేశాడేమోనే స్వామి?" అని నన్ను మెల్లిగా అడిగేవారు. అవునత్తయ్యా, ఇదే, అయిపోయింది అనేదాన్ని. కాస్సేపు నమ్మేవారు. అంతలో లోపల్నించి మామగారు దగ్గితే చేతిలో ఉన్నది వదిలేసి పరుగెత్తేవారు. "నేను బతికున్నానంటే నీకు నమ్మకం లేదేంటే?" అని ఆయన విసుక్కునేవారు.

ఒకసారి ఉండబట్టలేక, ఇంత బాధపడే బదులు ఆ రోజు వెయ్యకుండా వచ్చేయాల్సింది కదా అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూశారు. "వెయ్యకపోతే ఆ పిల్ల ఏమయ్యేదే?" అన్నారు. ఆ ఎమ్మెల్యేగారి భార్య ఇప్పటికీ పండగలకి ఆయన పక్కన పీట మీద టీవీలో కనిపిస్తుంది. ఎలా ఉందో పౌడరు వెనక నాకు తెలియదు.

మామగారు ఇంకో ఎన్నికల్లో కూడా ఓటేసి వచ్చారు. తర్వాత ఒక పొద్దున్న కాఫీ తాగి, కుర్చీలో పేపరు పట్టుకునే పోయారు. చుట్టాలంతా పుణ్యాత్ముడు, మంచి చావు అన్నారు. అత్తగారు ఆయన పాదాల దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చి, తల నా భుజం మీద ఆనించారు. "తీసేసుకున్నాడే అమ్మాయ్. ఇంక నాకు భయం లేదు" అన్నారు. మేమంతా ఆ ఏళ్లని స్వామి దయతలచి ఇచ్చిన ఆయుష్షు అనుకుని పండగలు చేసుకుంటూ గడిపేశాం. అదే ఇంట్లో, మా పక్కనే కూర్చుని, ఆవిడ ఆ ఏళ్లన్నీ ఈ ఒక్క పొద్దున్న కోసం భయపడుతూ బతికారు.