మూడు వేళ్ళ కోసం రాసిన పాఠాలు

యుద్ధం మొదలైన కొత్తలో నా భార్య పోయింది. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో నేనొక్కడినే మిగిలాను. రోజూ ఆఫీసులో గుమాస్తా పని, ఆదివారాలు పిల్లల ఇళ్ళకు వెళ్ళి గిటార్ పాఠాలు చెప్పడం. రిటైరై వెళ్ళిపోయిన ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు నేర్పిన విద్య అది. గిటార్ కూడా ఆయనిచ్చిందే. అచ్చు పుస్తకాల్లో పాఠాలు కష్టమైతే, చిన్నచిన్నవి నేనే కట్టి పిల్లలకు రాసిచ్చేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం స్టేషన్లో సిగ్నల్ దీపాల గదిలో పనిచేసే మనిషి గిటార్ నేర్చుకుంటానని వచ్చాడు. మా శ్రీకాకుళం వైపువాడే, ముప్పై దాటాయి. అంతకుముందు రైలుపెట్టెలు ఒకదానికొకటి తగిలించే డ్యూటీలో ఎడమచేతి ఉంగరపు వేలు నలిగితే తీసేశారట.

"ఏటి బాబూ, ఈ సేత్తో వస్తాదా?" అని చెయ్యి చాపాడు.

"చూద్దాం" అన్నాను. పుస్తకంలో మొదటి పాఠానికే ఆ వేలు కావాలి.

నా ఉంగరపు వేలిని గుడ్డపీలికతో అరచేతికి కట్టేసుకుని వాయించి చూశాను. చిటికెన వేలు కూడా దానితోపాటే ముడుచుకుపోయేది. అలవాటు కావాలని విప్పకుండా ఉంచిన కట్టు చూసి ఆఫీసులో "క్యా హువా?" అంటే, తెగిందని చెప్పాను. పది రోజులకు ఒక పాఠం కుదిరింది. స్వరలిపి అతనికి రాదు కనుక తీగకీ మెట్టుకీ అంకెలు వేసి రాశాను.

"అచ్ఛా! ఇది నాకోసవేనా?" అన్నాడు.

ఏడాదిలో అలాంటివి ఏడు రాశాను. ఆదివారం అతను వచ్చి వాయించే గంటసేపే నా ఇంట్లో మరో మనిషి అలికిడి ఉండేది.

తర్వాత అతనికి చక్రధర్‌పూర్ బదిలీ అయింది. చివరి ఆదివారం భార్య కూడా వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"ఇంటికాడ ఇయ్యే నోటితో పాడుకుంతాడు బాబూ" అంది నవ్వుతూ.

ఏడు పాఠాలూ కవరులో పెట్టి ఇచ్చాను. గర్వంగానే ఇచ్చాను.

రెండు నెలలకు ఎవరిచేతో రాయించిన కార్డు వచ్చింది. "కాగితాలు బద్రంగా దాసినాను. ఇక్కడ ఎవల దగ్గిరా గిటార్ నేదు బాబూ."

అతనికి సొంత గిటార్ లేదని నాకు తెలుసు. ఏడాదంతా వాయించింది నాదాని మీదే. అయినా అక్కడ దేనిమీద వాయిస్తాడన్న ఆలోచనే అంతవరకు రాలేదు.

గిటార్‌ను గోనెపట్టాలో చుట్టి పార్సెల్ ఆఫీసు దాకా మోసుకెళ్ళాను. వరసలో నిలబడ్డాను కూడా. అది లేని ఇల్లు తలుచుకునేసరికి కాళ్ళు వెనక్కి తిరిగాయి.

సెలవు దొరికితే రమ్మని జవాబు రాశాను. అతను రాలేదు, మళ్ళీ ఉత్తరమూ రాయలేదు.