బయట గొళ్ళెం లేని గది

నా పేరు గంగవ్వ. వయసు డెబ్బై దాటిందని నా కొడుకు అంటాడు, నేను లెక్క పెట్టుకోలేదు. బోధన్ తోవలో ఎడపల్లి మా ఊరు. ఇంట్లో కొడుకు, కోడలు, మనుమరాలు, ఒక జత ఎడ్లు. కొంచెం చెరుకు, కొంచెం పసుపు పండిస్తాం. నాకు అక్షరం రాదు. నేను చెప్తుంటే మా ఊరి బడి పంతులు ఈ కాగితం రాస్తున్నాడు. నిజామాబాద్ సర్కారు దవాఖానలో మతి చెదిరినవాళ్లను చూసుకునే నర్సమ్మ మొన్న అమావాస్య తెల్లవారి చనిపోయింది. మార్కెట్‌కు పసుపు తీసుకపోయిన నా కొడుకు ఆ మాట మోసుకొచ్చాడు. విన్న కోడలు చేతిలోని చాట కింద పెట్టి, పోయి ఎడ్ల కొట్టంలో కూర్చుంది. నేనూ పోయి పక్కన కూర్చున్నాను. ఎందుకు ఏడుస్తున్నావని అడగలేదు. అట్లా అడగకుండా కూర్చోవడం మాకు నర్సమ్మే నేర్పింది.

ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో నా కోడలికి తొలి కాన్పు అయింది. పురుడు వెళ్లిన తర్వాత కోడలికి నిద్ర పట్టకుండా పోయింది. ఈ బిడ్డ నాది కాదు, నా బిడ్డను బావిలో దాచారు అని బావి గట్టుకు పరుగెత్తేది. దిష్టి తీశాం. దర్గాకు తీసుకపోయాం. తాయెత్తు కట్టించాం. ఒకనాడు ఒక కాలు గట్టు దాటించింది. జుట్టు పట్టి వెనక్కి గుంజాను. ఆ మరునాడు చెరుకు బండికి బిగించే మోకు తీసి, ఆమెను బండికి కట్టాను. నేనే కట్టాను, నా కొడుక్కి చేతులు ఆడలేదు. అందుకు నేను ఇవ్వాళ కూడా ఎవరి ముందూ తల వంచను. కట్టకుంటే ఆ పిల్ల బావిలో ఉండేది.

చెరుకు కొట్టే రోజులు అవి. తోవ పొడుగునా బండ్లన్నీ బోధన్ మిల్లుకు పోతున్నాయి. మా ఒక్క బండి వాటికి ఎదురుగా, మేము ఇందూరు అనే నిజామాబాద్ దవాఖాన దిక్కు పోతున్నది. "ఓ అవ్వా, మిల్లు ఇటుంటే బండి అటేంది? చెరుకు నువ్వే నములుతవా?" అని ఒకడు నవ్వాడు. దగ్గరికి వచ్చాక బండిలో ఏముందో చూశాడు. ఎడ్లను పక్కకు తోలి తోవ ఇచ్చాడు. వాడి వెనుక బండ్లు కూడా ఒకదాని తర్వాత ఒకటి పక్కకు జరిగాయి.

దవాఖాన గేటు దగ్గర ఒక పొట్టి మనిషి, తెల్లచీర కొంగు నడుముకు చెక్కుకొని ఎదురొచ్చింది. ఆమే నర్సమ్మ.

"కట్టిందెవరు?"

"నేనే. ఏం జేస్తవ్?"

"నేనేం జెయ్య. కట్టినోళ్లే ఇప్పాలె. ఈ గేటు లోపటికి తాడు రాదు."

"ఇప్పితే ఉరుకుతది."

"ఉరికితే నేను గూడ ఎంబడి ఉరుకుత. ముందుగాల నా చెయ్యి ఆమె చేతిల వెట్టు, తర్వాత ఇప్పు."

పెట్టాను. కోడలు ఆ చేతిలోకి గోర్లు దించింది. నర్సమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు, నాకు తొందర పెట్టలేదు. ముడి బిగుసుకుంటే పండ్లతో కొరికి విప్పాను. ఆ గోర్ల మచ్చలు ఆమె మణికట్టు మీద చివరిదాకా ఉన్నాయి. మేము పోయినప్పుడల్లా కోడలు వాటి దిక్కు చూసేది. నర్సమ్మ గాజులు వాటి మీదికి జరుపుకునేది.

మతి చెదిరినవాళ్లను ఉంచడానికి దవాఖాన వెనుక మందుల కొట్టు పక్కన సర్కారు ఆమెకు ఒక గది ఇచ్చింది. ఆ గదికి బయట గొళ్ళెం లేదు. ఆమె పీకించేసింది. లోపల మాత్రం ఒకటి ఉండేది, ఉన్నవాళ్లు తమకు కావాలంటే వేసుకోవడానికి. డాక్టరు మంచివాడే, వచ్చి సూది ఇచ్చేవాడు. కాని ఆయనకు వార్డు నిండా జ్వరాలు, పురుళ్లు. మిగిలిన పొద్దంతా నర్సమ్మే. ఆమె రోగి ముఖంలోకి చూసేది కాదు. పక్కకు తిరిగి కూర్చొని చాటలో బియ్యం ఏరేది. నాకు ఒళ్లు మండింది. బియ్యం ఏరడానికా నీకు సర్కారు జీతం ఇస్తున్నది, నువ్వు ఇచ్చే మందేదని అరిచాను.

"నేను మందు గాదవ్వా. మందు పనిజేసెదాంక పక్కన కూసునేదాన్ని," అన్నది. అని, నా ముందుకు కూడా ఒక చాట జరిపింది.

అట్లా ముగ్గురం కూర్చునేవాళ్లం. ఒకనాడు కోడలు చెయ్యి చాచి నర్సమ్మ చాటలో నుంచి ఒక రాయి తీసి పారేసింది. "గిది సూస్కోలే నువ్వు," అన్నది. బావి మాట కాకుండా ఆమె అన్న మొదటి మాట అది. ఆ తర్వాత బిడ్డ పాలు తాగిందా అని అడిగింది. నర్సమ్మ లేచి బయటికి పోయి కొంగుతో ముక్కు తుడుచుకొని వచ్చి, మళ్లీ బియ్యం ముందు కూర్చుంది.

ఆమెది బోధన్ అవతలి ఊరు. పుట్టింటికి పోయేటప్పుడు రైలు దిగి మా ఇంటికి వచ్చేది. ఒకసారి పసుపు ఎండబోసిన కళ్లంలోకి వచ్చి కూలబడింది. గదిలో ఉండి నయమైపోయిన ఒక పడుచు పిల్లగాడు ఇంటికి పోయాక కాలువలో పడి చనిపోయాడట. నేను పక్కకు తిరిగి కూర్చొని పసుపు కొమ్ములు ఏరుకుంటూ పోయాను. చాలాసేపు ఏడ్చింది. ఆఖరుకు నవ్వింది. "నా విద్దె నా మీదనే నడిపిస్తున్నవా అవ్వా?"

తర్వాత చెప్పింది. "జత మనిషిని ఇయ్యిమని అడిగి అడిగి నోరు నొచ్చింది. అందరి పక్కన నేను కూసుంట. నా పక్కన కూసునేటోళ్లెవరు?"

రొట్టె పెడితే తిని, పొద్దుగూకక ముందే ఇందూరు రైలెక్కింది. గదిలో మనిషి ఉన్నారట. జత మనిషి వస్తుందని ప్రతి ఏడూ అనేవాళ్లు. రాలేదు. ఆఖరుకు ఛాతీలో నొప్పి వస్తున్నా సెలవు పెట్టలేదు. పెడితే ఆ చాట ముందు ఎవరు కూర్చుంటారు? ఆమెను ఏ రోగమూ కాదు, ఒంటరి డ్యూటీ తిన్నదని నేను అంటాను. కోపం వచ్చినవాళ్లు ఎడపల్లికి వచ్చి నాతో మాట్లాడొచ్చు.

ఆమె పోయిన తర్వాత కోడలూ నేనూ దవాఖానకు పోయాం. ఆ గదికి బయట కొత్త గొళ్ళెం, దానికి తాళం. మేము అక్కడ ఉండగానే బోధన్ దిక్కు నుంచి ఒక చెరుకు బండి వచ్చింది. అందులో కట్టేసిన ఒక పిల్ల, పక్కన ఆమె తండ్రి. ఇక్కడ చూసే మనిషి లేదు, పట్నం పెద్ద దవాఖానకు తీసుకపొమ్మని లోపలి నుంచి చెప్పారు.

నా కోడలు గేటు దగ్గరికి నడిచింది. నేను ఆపలేదు.

"కట్టిందెవరు బాపూ?"

"నేనే బిడ్డా."

"నువ్వే ఇప్పాలె. ముందు నా చెయ్యి పట్టియ్యి."

ఆయన విప్పాడు. పిల్ల కోడలి చెయ్యి పట్టుకొని వేపచెట్టు కింద కూర్చుంది. మేము ఇద్దరం పక్కకు తిరిగి కూర్చున్నాం. ఏరడానికి బియ్యం లేకపోతే నేలమీది వేపపుల్లలు ఏరాం. డాక్టరు వచ్చి సూది ఇచ్చి, గదికి తాళం పడింది కాబట్టి ఉంచుకోలేనన్నాడు. బండి తిప్పే పొద్దయింది. ఆ తండ్రి మోకు చేతిలోకి తీసుకొని మా దిక్కు చూశాడు.

"మల్ల గట్టాల్నా అవ్వా?"

ఆ మాటకు జవాబు సర్కారు చెప్పాలి. గది తాళం తీయాలి. బయటి గొళ్ళెం పీకాలి. ఒక్కరిని కాదు, ఇద్దరిని పెట్టాలి, ఒకరి పక్కన ఒకరు కూర్చోవడానికి.

సాక్షిగా కోడలి పేరు రాయమంటే పంతులు కలం ఆపాడు. మతి చెదిరి దవాఖానలో ఉన్న మనిషి సాక్ష్యం చెల్లుతుందో లేదో అన్నాడు. ఆ గది లోపల ఏం జరిగిందో ఒంటి మీద ఎరిగింది ఆమె ఒక్కతే, ఆమె పేరు లేకుంటే ఈ కాగితం మీద నా వేలు పడదు అన్నాను. రాశాడు. కోడలు పసుపు ఉడకబెట్టే దగ్గర నుంచి లేచి వచ్చి, చెయ్యి కడుక్కోకుండానే వేలు పెట్టింది.

ఎడపల్లి గంగవ్వ, ఎడమ చేతి వేలిముద్ర.

సాక్షులు: కోడలు సాయవ్వ, వేలిముద్ర. రాసిన బడి పంతులు నర్సయ్య, సంతకం.