ఈరమ్మవ్వ కళ్ళు, మా కెమెరా

2006 ఎండాకాలం. ఆళ్లగడ్డలో ఒక సర్కారు కార్యాలయం వెనక షెడ్డులో, రేషన్ కార్డుల కోసం జనం కళ్ళను ఫొటో తీసే పని నాది. నంద్యాల నుంచి రోజూ బస్సులో వచ్చేవాణ్ణి. మేం తీసేది ఐరిస్ ఫొటో. ఐరిస్ అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం. ఏ ఇద్దరికీ ఒకేలా ఉండదు కాబట్టి దాన్ని కంప్యూటర్లో దాస్తే దొంగ కార్డులు పోతాయని ప్రభుత్వం ఆ పద్ధతి తెచ్చింది. ఈ సంగతి క్యూలో నిలబడ్డవాళ్ళకు చెప్పమని మాకెవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు.

నల్లమల అంచున ఉన్న గూడెం నుంచి ఈరమ్మ అనే చెంచు ముసలామె, కోడలు లింగమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. కెమెరా ముందు కూర్చోబెడితే కళ్ళు చికిలిస్తుంది. తెర మీద ఎర్ర గీత పడుతుంది, అంటే ఫొటో పనికిరాదని. ఎన్నిసార్లు తీసినా అంతే.

"కండ్లు చూస్తారని చెప్పిరి. ఇదేనా అప్పా ఆ మిషను?" అంది ఈరమ్మ.

వెనక క్యూ గొణుగుతోంది. "ఔనవ్వా, కండ్ల పరీక్షే. బాగా తెరువు" అన్నాను.

"మసకమసకగా ఉండాది. బాగయితాదా?"

"అయితాది. ముందు నువ్వు తెరువు."

"మాయత్త పెండ్లినాడు మామను గూడా ఇంత కండ్లేసుకోని చూసిండదు" అంది లింగమ్మ. క్యూ అంతా నవ్వింది. ఈరమ్మ తన వేళ్ళతోనే రెప్పలు లాగిపట్టుకుంది. ఆకుపచ్చ గీత పడింది.

మరుసటి ఏడాది, కార్డుల్లో తప్పులు సరిచేయడానికి ఆ గూడేనికి వెళ్ళాను. తన గుడిసె ముందు కూర్చున్న ఈరమ్మ నా గొంతు వినగానే తల ఇటు తిప్పింది.

"కండ్ల మిషనప్పవు గదా. మందు తెచ్చినావా?"

లింగమ్మ వైపు చూశాను.

"రొండు కండ్లూ పోయినాయన్నా" అంది లింగమ్మ. "ఉగాది ముందర కంటి డాక్టర్ల బండి ఈడికే వచ్చినాది. ఎక్కమంటే ఎక్కలే. సర్కారోళ్ళు నా కండ్లు చూసినారు, మల్లా ఆళ్ళే వస్తారు అనె. ఆఖరికి నంద్యాలకు ఎత్తకపోతే, లోపల నరం చచ్చిపాయ, ఇంగ చూపు రాదనిరి."

నా చేతిలో ఈరమ్మ కార్డు ఉంది. పేరు, వయసు, ఫొటో, ఒక్క తప్పు లేదు.

"మందు లేదవ్వా. అది కార్డు కోసం తీసిన ఫొటో" అన్నాను.

"ఆ పొద్దే చెప్పకపోతివే" అంది ఈరమ్మ. తిట్టలేదు.

ఈమధ్య ఒక శిక్షణ తరగతిలో కుర్ర అధికారి ఒకాయన, ఆ కంటి డాక్టర్ల పాత రిపోర్టు చూసి, ఈ సంగతినే ఉదాహరణగా చెప్పాడు. గూడెంలో అవగాహన లేక ఒక ముసలామె వైద్యం వద్దన్నదట. వెనక వరుసలో కూర్చుని విని, లేచి వచ్చేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆమె వైద్యం వద్దనలేదు. కళ్ళు చూస్తారంటే ఎండన పడి వచ్చి, తన రెప్పలు తానే లాగిపట్టుకుంది. నేను చెప్పింది నమ్మి, మళ్ళీ వస్తారనుకున్నవాళ్ళ కోసం కాచుకుంది.

ఇప్పటికీ నాది ఇలాంటి పనే, యంత్రాలు మారాయి. ఎవరినైనా యంత్రం ముందు కూర్చోబెట్టే ముందు, అది వాళ్ళ దగ్గర ఏం తీసుకుంటుందో, ఏం ఇవ్వలేదో చెబుతాను. వెనక క్యూ గొణుగుతుంది. గొణగనీ.