రాని కాలువకు పాతిన రాళ్లు

మా ఊరు ఎడపల్లి దాటాక, బోధన్ పోయే సడకుకు కొంచెం లోపలికి ఉంటుంది. నిజాంసాగర్ నీళ్లు మా పక్క ఊరి దాకా వచ్చి ఆగిపోయేవి. అక్కడి వాళ్లు వరి, చెరుకు పండించేవాళ్లు. మాకు జొన్న, కంది, వానను బట్టి కాస్త నువ్వులు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు మా చేన్ల పక్కనుంచే పోయేవి. చిన్నప్పుడు మేం వాటి వెనక పరుగెత్తి ఒక గడ గుంజుకునేవాళ్లం. మా బాపుకు అది నచ్చేది కాదు. ఎవరి చెరుకునో నమిలే పిల్లల్ని చూస్తే తన చేను గుర్తొచ్చేదేమో.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత వచ్చిన మొదటి ఎలక్షన్లలో నిజామాబాదుకు చెందిన ఒక వకీలు నిలబడ్డాడు. తెల్లటి మనిషి, మంచి గొంతు, ఎవరినైనా వరస కలిపి పిలిచేవాడు. బాపుకు ఒక భూమి తగాదాలో ఆయనతో పరిచయం ఉంది. ఆ పరిచయం కొద్దీ ఆయన మా ఊరికి వచ్చినప్పుడల్లా మా అరుగు మీదే కూర్చునేవాడు. ఓట్లు ఇంకా కొద్ది రోజులున్నాయనగా ఒక బండినిండా రాళ్లు వచ్చాయి. పక్క ఊళ్లో ఆగిన పిల్లకాలువను మా మెట్ట చేన్ల దాకా పొడిగించడానికి సర్కారు ఒప్పుకుందనీ, ఇవి హద్దు రాళ్లనీ వకీలు చెప్పాడు. సున్నం పూసిన ఆ రాళ్లను గట్ల వెంబడి వరసగా పాతించాడు. మా చేను నడుమనుంచి కూడా ఆ వరస పోయింది. అవ్వ, అంటే మా అమ్మ, మొదటి రాయికి పసుపు కుంకుమ పెట్టింది.

బాపు ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. "నా మాట మీద వెయ్యుండ్రి" అన్నాడు. ఊరు ఊరంతా వేసింది. వకీలు గెలిచి హైదరాబాదు పోయాడు.

మొదటి ఏడు పని మొదలు కాలేదు. అడిగితే, వచ్చే ఎండాకాలం తవ్వుడు ఖాయమని కబురు పంపాడు. బాపు ఆ కబురు నమ్మి మెట్ట చేనులో మొదటిసారి చెరుకు వేశాడు. బావిలో ఉన్న కొద్ది నీళ్లతో కొన్ని నెలలు నెట్టుకొస్తే, తర్వాత కాలువ అందుకుంటుందని లెక్క. మొలకలు బాగానే వచ్చాయి. నేను బడినుంచి వచ్చి వాటి మధ్య నడిచేదాన్ని, ఆకులు చేతులకు గీసుకునేవి. ఎండలు ముదిరేసరికి బావి అడుగంటింది. తవ్వేవాళ్లెవరూ రాలేదు. చెరుకు కింది ఆకుల నుంచి పైదాకా ఎండుతూ పోయింది. చివరికి అవ్వ కొడవలి పట్టుకుని తానే నరికింది. పనికొచ్చినంత పశువులకు వేసి, మిగతాది పొయ్యిలో పెట్టింది.

అప్పుడు బాపు నిజామాబాదులోని కాలువల ఆఫీసుకు పోయాడు. తోడుగా తన దోస్తును తీసుకుపోయాడు. ఆయన బోధన్‌లో బట్టల దుకాణం నడిపే ముసల్మాను పెద్దమనిషి, మేం చాచా అనేవాళ్లం. ఆఫీసుల్లో ఉర్దూ మాట్లాడాల్సి వస్తుందని బాపు ఆయన్ని వెంటబెట్టుకున్నాడు. అక్కడి ఇంజనీరు గోడ మీది పటం చూపించి, మీ ఊరి వైపు కాలువ అన్న మాటే ఎవరూ ఎత్తలేదన్నాడట. రాళ్లు పాతారు కదా అని చాచా అంటే, మా శాఖ ఏ రాయీ పాతలేదన్నాడట. కంచెకు కొట్టించే రాళ్లు ఎవరైనా కొనుక్కోవచ్చు కదా అని కూడా అన్నాడట.

అటునుంచి అటే ఇద్దరూ వకీలు ఇంటికి పోయారు. ఆయన కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. బాపు చాయ్ ముట్టలేదు. అబద్ధం ఎందుకు చెప్పినవని అడిగాడు. వకీలు నొచ్చుకోలేదు, కోపం తెచ్చుకోలేదు.

"అబద్ధమనకు పటేలా. ఆశ చెప్పిన," అన్నాడు.

ఈ మాట బాపు ఎన్నోసార్లు మాకు చెప్పాడు. చెప్పినప్పుడల్లా, అప్పుడే మొదటిసారి విన్నట్టు ఆగిపోయేవాడు.

తర్వాతి ఎలక్షన్లలో వకీలు మళ్లీ నిలబడ్డప్పుడు, బాపు చావడి దగ్గర అందరినీ పిలిచి, పోయినసారి మిమ్మల్ని తప్పుదారి పట్టించింది నేనే, ఈసారి వెయ్యకండి అని చెప్పాడు. చుట్టుపక్కల ఊళ్లకు కూడా నడిచిపోయి అదే చెప్పాడు. రాళ్ల సంగతి బోధన్ అంగడి దాకా పాకింది. వకీలు ఓడిపోయాడు. ఇక ఆయన పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. ఆయన కోర్టుకు పోయి మళ్లీ నల్లకోటు వేసుకున్నాడు. కానీ మా ఊళ్లో జనం వకీలును మరిచిపోయినా బాపును మరవలేదు. ఏ పంచాయితీలో బాపు నోరు తెరిచినా, నీ మాట మీద వేస్తే ఏమైందో చూసినం కదా అని ఎవరో ఒకరు అనేవారు. ఆయన మెల్లగా పంచాయితీలకు పోవడం మానేశాడు. అబద్ధం చెప్పినవాడికి పట్నంలో ఇంకో పని ఉంది. నమ్మి చెప్పినవాడికి ఉన్నది ఆ ఊరొక్కటే.

ఆ తర్వాతి ఎలక్షన్ల నాటికి వకీలు గెలిచే పార్టీలోకి మారి మళ్లీ వచ్చాడు. నేను అప్పటికి టీచర్ ట్రైనింగ్ ముగించి ఇంట్లోనే ఉన్నాను. సాయంత్రం పూట బడి ముందు మీటింగ్ పెట్టారు. పూలదండలు వేసినవాళ్లలో, ఆయనను ఓడించాలని బాపు వెంట తిరిగినవాళ్లు కూడా ఉన్నారు. ఆయన జుట్టు నెరిసింది గాని గొంతు తగ్గలేదు. రాళ్ల సంగతి ఎవరూ అడగకముందే తానే ఎత్తుకున్నాడు. రాళ్లు పాతితే మొలుస్తయనుకున్న, నేను వకీలును గాని ఎవుసం చేసే కాపోన్ని కాదు కదా అన్నాడు. జనం పగలబడి నవ్వారు. బాపు తల వంచుకుని కూర్చున్నాడు.

అవ్వ ఆడవాళ్ల మధ్యలోంచి లేచింది. ఆమె మీటింగులో మాట్లాడగా నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

"ఆ ఎండిన చెరుకు నేనే నరికిన. నాకు నవ్వు రాలే," అంది.

నవ్వు ఒక్కొక్కచోటే ఆగింది. వకీలు చేతులు జోడించి, ఏం కావాలో చెప్పక్కా, ఈసారి తప్పకుండా చేయిస్తానన్నాడు.

"ఏం జేస్తవో చెప్పకు," అంది అవ్వ. "ఏం జెయ్యలేవో గది చెప్పు."

ఆయన మైకు ముందు గొంతు సవరించుకున్నాడు. పక్కన కూర్చున్నవాళ్ల వైపు చూశాడు. తర్వాత మెల్లగా, మామూలు మనిషి గొంతుతో అన్నాడు.

"కాలువ తేలేను. కరెంటు స్తంభాలకు కొట్లాడుత. వస్తయని చెప్పలేను."

అవ్వ కూర్చుంది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఆ ఎలక్షన్లలో వకీలు గెలిచాడు. మా ఊళ్లో మొదటిసారి కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయని విన్నాను. బాపు వెయ్యలేదు. అవ్వ ఎవరికి వేసిందో అడిగితే, వేసిన అని మాత్రమే చెప్పింది. కరెంటు ఆలస్యంగానే అయినా వచ్చింది. బాపు బావి లోతు చేయించి మోటరు పెట్టించాడు. చెరుకు మాత్రం మళ్లీ వెయ్యలేదు.

మళ్లీ ఎలక్షన్లు వచ్చేసరికి నేను మోర్తాడ్ బడిలో టీచర్‌గా ఉన్నాను. అది పసుపు ఉడకబెట్టే కాలం. ఊరంతా ఆ ఘాటు వాసనే. తమ పార్టీ మనిషికి ఓట్లు అడగడానికి వకీలు అక్కడికీ వచ్చాడు. మీటింగుకు నేనూ పోయి వెనకాల నిలబడ్డాను. ఆయన మైకు ముందుకు వచ్చి, అందరు లీడర్లు ఏం జేస్తరో చెప్తరు, నేను ఏం జెయ్యలేనో చెప్పెటోన్ని అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. దగ్గరి ఊరు ముప్కాల్‌లో కూడా అదే మాట అన్నాడనీ, అక్కడా చప్పట్లు పడ్డాయనీ మా హెడ్మాస్టరు మెచ్చుకుంటూ చెప్పాడు. మా అవ్వ అడిగిన మాటను ఆయన తన బిరుదులా మెడలో వేసుకుని ఊరూరా తిరుగుతున్నాడు. అయితే ఆ రోజు మోర్తాడ్‌లో చెయ్యలేనన్నవన్నీ నిజంగా చెయ్యలేనివే. అబద్ధం ఒక్కటీ దొరకలేదు. కోపం తెచ్చుకుందామంటే ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు.

సెలవుకు ఇంటికి పోయినప్పుడు ఇద్దరికీ చెప్పాను. బాపు మండిపడ్డాడు. గా మాట గూడ ఓట్లకే వాడుకుంటున్నడా అన్నాడు. మనిషి మారలేదు, మాట మార్చాడంతే అన్నాడు. అవ్వ చేటలో కందులు చెరుగుతూ ఉంది.

"నిజమే చెప్పిండా?" అని అడిగింది.

నిజమే చెప్పాడన్నాను.

"మరి ఓట్లకైతె ఏంది. చెప్పనియ్యి. నిజం చెప్పుడు అలవాటైతె అయితది," అంది.

బాపు ఒప్పుకోలేదు. చివరిదాకా ఒప్పుకోలేదు. ఆ తర్వాత వకీలు ఒకసారి మా ఇంటి ముందు జీపు ఆపి దిగితే, బాపు కుర్చీ వేయించాడు, నీళ్లిప్పించాడు. వానల గురించి నాలుగు మాటలు మాట్లాడి, బర్రెను కట్టేయాలని లేచి దొడ్లోకి పోయాడు. వకీలు కాసేపు ఒక్కడే కూర్చుని, అవ్వకు దండం పెట్టి వెళ్లిపోయాడు. బాపు, అవ్వ ఇద్దరిలో ఎవరిది సరైన తీర్పో నాకు ఇప్పటికీ తేలలేదు. ఓటు వెయ్యడానికి పోయినప్పుడల్లా ఒకసారి బాపు వైపు ఉంటాను, ఒకసారి అవ్వ వైపు.