పరుపు కింద ఇస్త్రీ

ఆయన్ని అందరూ కాటాలాయన అనేవాళ్లు. కొట్లవాళ్ల కాటాలు బాగుచేస్తూ నలభై ఏళ్లు బతికాడు. కాటా మీద ఈగ వాలితే, ముల్లు ఊగిన తీరు చూసి అది ఆడ ఈగో మగ ఈగో చెప్పేసేవాడని ప్రతీతి. కాదన్న ఈగ ఇంతవరకు ఒక్కటీ లేదు.

పళ్లెం కింద అయస్కాంతం అంటించినవాణ్ణి, తూకపురాయి తొలిచి సీసం లాగేసినవాణ్ణి రోజూ చూసే మనిషికి అనుమానం జబ్బు కాదు, పనిముట్టు. దేవుడు ప్రత్యక్షమై వరం కోరుకోమన్నా, "ముందు మీరెవరో చెప్పండి" అనే రకం. పెళ్లినాడు ఉంగరాన్ని భార్య వేలికి తొడిగే ముందు తూచి మరీ తొడిగాడు. ముప్ఫై రెండేళ్లయినా ఆవిడ ఆ సంగతి మరిచిపోలేదు.

తండ్రి కట్టిన ఇంటిని అన్నదమ్ములిద్దరూ మధ్యలో గోడ పెట్టి పంచుకున్నారు. గోడలో ఒక తలుపు ఉంచుకున్నారు. బస్సు నడిపే తమ్ముడు డ్యూటీ దిగగానే ఆ తలుపు తోసుకొచ్చి, ఎత్తు గడపకి బొటనవేలు కొట్టుకుని, "అబ్బా!" అని, ఆ వెంటనే "వదినా, టీ!" అనేవాడు. ఆ రెండు కేకలూ వినబడితే మూడున్నర అయినట్టు. గడియారం చూడక్కర్లేదు.

ఆ వేసవిలో తమ్ముడు ఏసీ కొన్నాడు. ఆ నెలే కాటాలాయన ఇంట్లో కరెంటు వాడకం పెరిగింది. ఇంకేం కావాలి?

"పాత ఇల్లు. గోడలో ఏ తీగ ఎటు పోయిందో కట్టినవాడికే తెలీదు. వాడు మన లైనుకి తగిలించుకున్నాడే," అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి.

"మీ తమ్ముడికి బల్బు మార్చడమే రాదు."

"రాదని మనల్ని నమ్మించాడు."

మర్నాడే ఒక ప్లగ్గు మీటరు కొనుక్కొచ్చాడు. అరచేతిలో పట్టే డబ్బా. గోడ సాకెట్లో దాన్ని గుచ్చి, దాంట్లో ఫ్రిజ్ ప్లగ్గు గుచ్చితే, ఫ్రిజ్ ఎంత కరెంటు తాగిందో చిన్న కిటికీలో అంకెలు చూపిస్తుంది. ముందు ఆ డబ్బానే నమ్మలేదు. వంద వాట్ల బల్బు తగిలించి పది గంటలు దాని ఎదురుగా కూర్చున్నాడు. సరిగ్గా ఒక యూనిట్ చూపించాక, "దీనికింకా ఎవరూ దొంగబుద్ధులు నేర్పలేదు," అని లేచాడు.

వారం పాటు గోడ మీది పెద్ద మీటరు చూశాడు. రోజుకి తొమ్మిది యూనిట్లు. తర్వాత వస్తువుకో రోజు చొప్పున డబ్బా పెట్టుకుంటూ పోయాడు. ఫ్రిజ్ రోజున భార్య తడిగుడ్డ చుట్టిన నీళ్ల సీసా తెచ్చి ఆయన బల్ల మీదే పెట్టింది. ఎందుకింత ప్రేమ అని వాసన చూసి మరీ తాగాడు. రెండోరోజు వాషింగ్ మెషిన్, మూడోరోజు కూలర్, నాలుగోరోజు ఇస్త్రీ పెట్టె. ఫ్యాన్లూ లైట్లూ వాటి మీద రాసినదాన్ని బట్టి లెక్క కట్టాడు. అన్నీ కలిపితే ఆరు.

"మూడు యూనిట్లు మాయం!" అన్నాడు. "ఇంకో విచిత్రం విన్నావా? నేను డబ్బా పెట్టిన దగ్గర్నుంచి పెద్ద మీటరు కూడా కాస్త నెమ్మదించింది. దొంగ జాగ్రత్త పడ్డాడన్నమాట."

భార్య గిన్నెలు సర్దుకుంటూ ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం తమ్ముడు వచ్చి టీ తాగుతుంటే కాటాలాయన కూపీ లాగాడు. "ఏరా, ఏసీ బాగా చల్లగా ఉందా?"

"దుప్పట్లు కప్పుకుంటున్నాం! నువ్వూ వదినా వచ్చి మా గదిలో పడుకోరాదూ?"

తమ్ముడు వెళ్లాక కాటాలాయన పళ్లు కొరికాడు. "చూశావా? లంచం ఇవ్వజూపుతున్నాడు!" వెంటనే మేస్త్రీకి ఫోన్ చేశాడు. రేపు మూడింటికి ఇటుకలు తెచ్చి ఆ తలుపు స్థానంలో గోడ కట్టెయ్యాలన్నాడు.

భార్య ముఖం పాలిపోయింది. "గోడ కడితే కరెంటు ఆగుతుందా?"

"తీగల్ని తవ్వలేను. మనిషినైనా ఆపుతాను."

"ముప్ఫై ఏళ్ల రాకపోకలండీ," అందామె. ఇంకేదో చెప్పబోయి మానేసింది.

మర్నాడు భోజనం చేసి నడుం వాల్చాడు. వీపు కింద ఏదో గట్టిగా తగిలింది. దొర్లాడు. అక్కడా తగిలింది. పరుపు ఎత్తి చూస్తే తన చొక్కాలు నాలుగు, నీట్‌గా మడతపెట్టి, అప్పడాల్లా నొక్కుకుపోయి ఉన్నాయి.

"ఏమే, ఇవేంటి?"

భార్య గుమ్మంలో నిలబడింది. "ఇస్త్రీ."

"ఇస్త్రీ పెట్టె ఉందిగా!"

"దాని వెనక మీ డబ్బా ఉందిగా!"

ఆయన నెమ్మదిగా మంచం మీద కూర్చున్నాడు. "వాషింగ్ మెషిన్?"

"బట్టలన్నీ బకెట్లో ఉతికాను. తువ్వాలు ఒక్కటే మెషిన్లో తిప్పాను. సున్నా వస్తే మీకు అనుమానం రాదూ? ఈ ఎండలకి వాడకం పెంచిందే కూలరు; మీకు నిద్రపట్టగానే కట్టేశాను. ఫ్రిజ్ ముందు మీరు గంటకి ఆరుసార్లు తలుపు తెరుచుకుని నిలబడకుండా సీసా తెచ్చి పెట్టాను."

"ఎందుకే ఇదంతా?"

"డబ్బా పెట్టింది మీ తమ్ముడి ఇంట్లోనా, నా ఇంట్లోనా? అంకె ఎక్కువొస్తే దొంగ ఎవరు? నా ఉంగరం తూచిన మనిషి మీరు!"

తనిఖీ అధికారి వచ్చిన రోజు ఊళ్లో ప్రతి కాటా నిజమే చెబుతుందని నలభై ఏళ్లుగా నవ్వుకున్న మనిషి! ఇంట్లో నాలుగు రోజులు తానే తనిఖీ చేసి, ఆ తూకం నమ్మి, తోడబుట్టినవాడికి గోడ కట్టబోయాడు.

"నిన్ననే చెప్పొచ్చుగా?"

"చెబితే నమ్మేవారా?"

ఆయన ఒక చొక్కా తీసి మడత చూశాడు. "నమ్మేవాణ్ణి కాదు," అన్నాడు.

వీధిలో బండి ఆగిన చప్పుడైంది. మేస్త్రీ ఇటుకలు దింపించి, తలుపు దగ్గర పేర్చి, తాపీ తీశాడు. అప్పుడే తలుపు తెరుచుకుంది.

"అబ్బా! వదినా, టీ!" బొటనవేలు పట్టుకుని కుంటుతూ వచ్చిన తమ్ముడు ఇటుకలు చూసి ఆగిపోయాడు. "ఏం కడుతున్నావన్నయ్యా?"

భార్య టీ గిన్నె పట్టుకుని భర్తకేసి చూసింది.

"మెట్టు," అన్నాడు కాటాలాయన. "నీ బొటనవేలి గోల వినలేక."

"అదేంటండీ, ఫోన్లో గోడ అన్నారు?" అన్నాడు మేస్త్రీ.

"గోడ పక్కన మెట్టు అన్నాను. నీకు సగమే వినబడింది."

భార్య గబగబా లోపలికి పోయింది. నవ్వు ఆపుకోవడానికో, ఇంకెందుకో. కాసేపటికి ఇస్త్రీ పెట్టె గోడ సాకెట్లో నేరుగా గుచ్చిన చప్పుడు, దాని వెనకే డబ్బాని బీరువా మీదికి విసిరిన చప్పుడు వినిపించాయి.

గంటలో మెట్టు తయారైంది. తమ్ముడు దానికేసి చూశాడు. పక్కన మిగిలిపోయిన, తలుపు నిండా సరిపోయే ఇటుకల గుట్టకేసి చూశాడు. అన్నకేసి చూశాడు.

"ఒక్క మెట్టుకి ఇన్ని ఇటుకలా అన్నయ్యా?"

కళ్లు చిన్నవి చేసి చూసే ఆ చూపుని కాటాలాయన ఇట్టే పోల్చుకున్నాడు. రోజూ అద్దంలో చూసేదే.