ఓడ దిగినవాళ్లకు తొలి నీళ్లు

ఒకసారి నెలల తరబడి కష్టపడి ఒక సదస్సుకు ఏర్పాట్లు చేశాను. దాని పేరు ‘సంస్థలు - తక్షణ సామాజిక సమస్యలు’. పేరు పెట్టింది కూడా నేనే. ఇప్పటికీ ఎవరైనా ఆ మాట ఎత్తితే వంటింట్లో ఏదో పనున్నట్టు లేచి వెళ్లిపోతాను. పనేమీ ఉండదు. సిగ్గు, అంతే.

అప్పట్లో పోర్ట్ బ్లెయిర్‌లో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. స్వాతంత్ర్యం వచ్చాక ద్వీపాల బళ్లకు మాస్టర్లు కావాలంటే మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఒక ట్రంకుపెట్టెతో వచ్చాడు. తర్వాత అమ్మ నన్ను చంకన వేసుకుని వచ్చింది. నాన్న పోయాక అమ్మా నేనూ షాదీపూర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాం. మా వీధిలో సగం మాలాంటి ఉద్యోగస్తులు, సగం మా తీరం నుంచే వచ్చి చేపలవేట మీద బతికేవాళ్లు. అందరికీ కలిపి మూలమీద ఒక కుళాయి. ఎండలు ముదిరితే అది మూడు రోజులకొకసారి, అదీ పొద్దున ఓ గంటో గంటన్నరో వచ్చేది. వీధి బావి అడుగున మిగిలేవి ఉప్పునీళ్లే.

ఆ సంవత్సరం మెయిన్‌ల్యాండ్ నుంచి పెద్ద పెద్ద ప్రొఫెసర్లను రప్పిస్తానని ప్రిన్సిపాల్ గారికి మాట ఇచ్చాను. మా కాలేజీకి అలాంటివాళ్లు అంతవరకు రాలేదు. వాళ్లొచ్చి నా ఏర్పాట్లు చూసి, ‘ఇంత దూరంలో ఇంతటి మనిషి ఉందా’ అనుకోవాలని నా కోరిక. ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు కదా, నా ఆత్రం నిండా ఇంగ్లీషు ఉండేది.

ఏర్పాట్ల కమిటీ అంటే ప్రిన్సిపాల్ గారు, నేను, ఉత్తరాన ఇంకో ద్వీపంలోని రంగత్‌లో పుట్టి పెరిగిన మా చరిత్ర మాస్టారు. ఏయే సమస్యల మీద మాట్లాడాలో నిర్ణయించే రోజున మాస్టారు మెల్లగా అన్నాడు.

“మేడమ్, పానీ గురించి ఒక పూట పెట్టండి. మన దగ్గర అసలు ముష్కిల్ అదే కదా.”

“అది మునిసిపాలిటీకి పెట్టుకునే అర్జీ మాస్టారూ. సదస్సుకి తగిన విషయం కాదు.”

ప్రిన్సిపాల్ గారు నా వంక మెచ్చుకోలుగా చూశారు. ఆ చూపు నాకు వారం రోజులు సరిపోయింది.

అతిథులు నలుగురు. వైజాగ్ నుంచి ఓడలో వస్తున్నారు. వాళ్లకోసం గవర్నమెంటు గెస్ట్‌హౌస్ మాట్లాడిపెట్టాను. సరిగ్గా ఓడ బయల్దేరిన రోజున కబురొచ్చింది, ఢిల్లీ నుంచి అధికారులు వస్తున్నారట, గదులు ఖాళీ లేవట. పరుగున ఇంటికెళ్లి అమ్మతో చెప్పాను. అమ్మ మాత్రం చేటలో బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

“మనింటికి తీసుకొచ్చెయ్. ముందు గది, వెనక గది ఇచ్చేద్దాం. మనిద్దరం వంటింట్లో పడుకుంటే అరిగిపోతామేటి?”

“అమ్మా, వాళ్లు ప్రొఫెసర్లు.”

“ప్రొఫెసర్లు నిలబడి పడుకుంటారా?”

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టు, కాలేజీలో నేనెంత గొప్పగా మాట్లాడినా మా గోడలకు సున్నం వేసి చాలా ఏళ్లయింది. రెండు రోజులు ఇల్లు కడిగాం. నీళ్ల సంగతి తేలిగ్గా తీసుకోలేదు, ఆ మాత్రం తెలివి ఉంది. తెలిసినవాళ్ల కాళ్లు పట్టుకుని, ఓడ వచ్చే రోజుకి ఒక ట్యాంకర్ మాట్లాడాను.

ఓడ ఒక రోజు ఆలస్యమైంది. సముద్రం బాగాలేదన్నారు. ఇల్లు కడగడంతో మా డ్రమ్ములు ఖాళీ అయ్యాయనీ, ఓడ రాలేదనీ ట్యాంకర్‌వాడికి ఏం తెలుసు? ముందు చెప్పిన రోజునే వచ్చాడు, అప్పుడు మేమిద్దరం మార్కెట్‌కి పోయి ఉన్నాం. తలుపు కొట్టి, ఎవరూ పలక్కపోతే ఇంకో వీధికి పోయాడు. మళ్లీ ఎప్పుడొస్తాడని అడిగితే, చూద్దాం దీదీ, అన్నాడు.

మర్నాడు తెల్లవారుతూనే హేడో జెట్టీలో ఓడ ఆగింది. నలుగురూ దిగారు. మూడు నాలుగు రోజుల ప్రయాణం, వాంతులు, ఉప్పుగాలి. ఒకాయన జుట్టు చీపురు పుల్లల్లా నిలబడి ఉంది. కారెక్కుతూనే ఆయన అడిగిన మొదటి మాట, “స్నానానికి ఏర్పాటుంది కదమ్మా?” ఉందండీ అన్నాను. ఇంట్లో ఉన్నది తాగడానికి రెండు బిందెలు.

అయితే అదృష్టం, అది కుళాయి వచ్చే రోజు. ఇంటికి వెళ్లేసరికి మూలమీద అప్పటికే బిందెల వరస ఉంది. మా వీధిలో ఆ వరసకు ఒక పద్ధతి ఉండేది. ఎవరి బిందె ఎక్కడుండాలో అందరికీ తెలుసు. మనిషి లేకపోయినా బిందె నిలబడుతుంది, దాన్ని ఎవరూ జరపరు. ఆ పద్ధతికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. ఓడ దిగినవాళ్లున్న ఇంటికి తొలి నీళ్లు. వాళ్ల డ్రమ్ములు నిండాకే మిగతావాళ్లు. పెళ్లి ఉన్నా సరే, మరేదున్నా సరే.

ఇది ఎవరో కూర్చుని రాసిన నియమం కాదు. మొదట్లో మనవాళ్లు ఓడల్లో వచ్చినప్పుడు, ఒంటినిండా ఉప్పుతో, ఒళ్లో పసిపిల్లలతో దిగేవారు. ముందే వచ్చి ఉన్నవాళ్లు తమ బిందెలు పక్కన పెట్టి వాళ్లకి నీళ్లు వదిలేవారు. అమ్మ నన్ను చంకనేసుకుని దిగిన రోజున కూడా, ఎవరో పేరు తెలియని ఆవిడ తన వంతు వదులుకుంటేనే నాకు స్నానమైందట. ఆ కథ అమ్మ చెప్పగా చెప్పగా నాకు విసుగొచ్చింది. సదస్సు కోసం నేను రాసిన పరిచయ పత్రంలో మాత్రం, ‘ఈ కొత్త కాలనీల్లో ఉమ్మడి కట్టుబాట్లు ఇంకా ఏర్పడలేదు’ అని ఒక వాక్యం ఉంది.

అమ్మ అప్పటికే వీధంతా చాటింపు వేసేసింది. నేను వెళ్లేసరికి మా బిందెలు వరసకు ముందున్నాయి. కుళాయి పక్కింటి ముసలావిడ, మేమంతా పెద్దమ్మ అని పిలిచే మనిషి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.

“ఏటమ్మా అలా సూస్తావు? డ్రమ్ము మూత తియ్యి. పిల్లలు మోసేస్తారు.”

“వద్దు పెద్దమ్మా, మా వరసలోనే పట్టుకుంటాం. వాళ్లు చుట్టాలు కారు. మీటింగుకి వచ్చినవాళ్లు.”

“మీటింగో సుట్టరికమో నాకెందుకు? జహాజ్ దిగినారా నేదా?”

“దిగారు.”

“మరింకేటి? పహలే మీకే.”

నేను ఇంకోసారి వద్దనాలి. అనలేదు. ఇంట్లో చీపురు జుట్టాయన తువ్వాలు భుజాన వేసుకుని ఎదురు చూస్తున్నాడు. వీధి ఆడవాళ్లు చకచకా మోసి మా డ్రమ్ములు రెండూ, గంగాళం, చివరికి పచ్చడి జాడీ తప్ప ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నింపేశారు. నాకు నిజంగా ఆనందమేసింది. గండం గడిచిందనుకున్నాను.

పాపం, వాళ్లకేం తెలుసు. నలుగురూ మనస్ఫూర్తిగా స్నానం చేశారు. ఒకాయన పాట పాడుకుంటూ చేశాడు. చీపురు జుట్టాయన బట్టలు కూడా ఉతుక్కున్నాడు. నేను వంటింట్లో ఉప్మా కలుపుతూ నీళ్ల చప్పుడు వింటున్నాను. అంతలో కుళాయి దగ్గర చప్పుడు ఆగిపోయింది. ఆ రోజు గంట కూడా రాలేదు నీళ్లు.

కిటికీలోంచి చూశాను. మా తర్వాత వరసలో నాలుగు ఇత్తడి బిందెలున్నాయి. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. నాలుగూ ఖాళీ.

“అమ్మా, ఆ బిందెలెవరివి? బొట్లెందుకు?”

అమ్మ గొంతు తగ్గించింది. “ఎదురింటి పిల్లకి పురుడొచ్చి ఇవాళ పదకొండో రోజు. పురిటిస్నానం పెట్టుకున్నారు.”

తల కొట్టేసినట్టయింది. ఎదురింటిది మూడు నాలుగేళ్ల క్రితం వచ్చిన వేటకుర్రాడి కుటుంబం. భార్య, అతని తల్లి, ఇప్పుడీ ఆడపిల్ల. పురుడు కడిగేదాకా అతను పడవ ముట్టడు, వల ముట్టడు. అది వాళ్ల కట్టు. ఇప్పటికే పది రోజులుగా వేట లేదు. ఇవాళ స్నానమైతే రేపు తెల్లవారి సముద్రం మీదికి పోయేవాడు. ఇక మళ్లీ కుళాయి వచ్చేదాకా ఆ ఇల్లు మొత్తం కూర్చోవాలి. ఆ బాలింత, ఆ పసిగుడ్డు ఎండాకాలంలో అలాగే ఉండాలి.

“నీకు ముందే తెలుసా?” అని అమ్మని అడిగాను.

“తెలుసు. అయితే ఏం చేస్తాం? ఓడ ముందు. వాళ్లకీ తెలుసు.”

డ్రమ్ములో అడుగున మిగిలిన నీళ్లు రెండు బిందెలకి వచ్చాయి. ఒకటి చంకనెత్తుకుని వీధి దాటాను. అమ్మ వెనకనుంచి, ఇవ్వకే, తిరిగిస్తే దెప్పినట్టుంటుందే, అంటూనే ఉంది. ఎదురింటి గుమ్మంలో ఆ కుర్రాడు ఊరికే కూర్చుని ఉన్నాడు. చేతుల్లో పని లేని వేటమనిషిని నేను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. వాళ్లమ్మ లోపల్నుంచి వచ్చి నా బిందె మీద చెయ్యి పెట్టి ఆపింది.

“ఉంచమ్మా. మీకు సుట్టాలున్నారు. మా పిల్లకేటి, తర్వాత పోస్తాం. ఆగుద్ది.”

కుర్రాడు లేచి నిలబడ్డాడు. “దీదీ, మీటింగ్ అచ్ఛాగా అవ్వాలి. మన వీధి పేరు నిలబెట్టాలి.”

వెటకారమేమోనని అతని మొహం చూశాను. కాదు. వెటకారమైతే నాకు బాగుండేది. ఆ బిందెతోనే వెనక్కి వచ్చాను. ఇన్నేళ్లలో నేను మోసిన బరువుల్లో అంత బరువైంది మళ్లీ లేదు.

సదస్సు బ్రహ్మాండంగా జరిగింది. అందరూ అదే అన్నారు. రెండో రోజు చీపురు జుట్టాయన (ఇప్పుడా జుట్టు పట్టులా ఉంది) ఒక గంటసేపు మాట్లాడాడు. వలస వచ్చినవాళ్ల మధ్య కట్టుబాట్లు పుట్టడానికి తరాలు పడతాయనీ, పరాయివాడి కోసం తన వంతు వదులుకునే సంస్కారం అంత సులువుగా రాదనీ చెప్పాడు. నా పత్రంలోని వాక్యాన్ని మెచ్చుకుంటూ చదివి వినిపించాడు కూడా. సభలో అందరూ రాసుకున్నారు. చరిత్ర మాస్టారు నా వైపు చూశాడు. నేను కాగితాలు సర్దుకున్నాను.

టీ దగ్గర ఆయన నా పక్కకొచ్చాడు. “మేడమ్, మీరు లేస్తారనుకున్నాను. ఓడ నీళ్ల సంగతి మా రంగత్‌లో కూడా ఉండేది. మీ వీధిలో ఉంది కదా?”

“లేచి ఏం చెప్పను మాస్టారూ? అయ్యా, తమరు మొన్న బట్టలుతుక్కున్నది ఒక పురిటిబిడ్డ నీళ్లతో అని చెప్పనా?”

ఆయన టీ ఊదుకున్నాడు. “చెప్తే బాగుండేది,” అన్నాడు.

చివరి పూట అతిథుల తరఫున, స్నానం చేస్తూ పాట పాడుకున్న ప్రొఫెసర్ కృతజ్ఞతలు చెప్పాడు. నా పేరు పలికి, “ఇక్కడ నీటి ఎద్దడి అని విని భయపడుతూ వచ్చాం. వీరి ఆతిథ్యంలో మాకు ఒక్క పూట కూడా తెలియలేదు,” అన్నాడు. సభంతా చప్పట్లు కొట్టింది. ప్రిన్సిపాల్ గారు అందరికంటే ఎక్కువసేపు కొట్టారు. నేను నిలబడి దణ్ణం పెట్టాను. ఏ మెప్పు కోసం అన్ని నెలలు తపించానో అది వచ్చింది, వచ్చిన క్షణంలో ఎక్కడైనా దాక్కుంటే బాగుండుననిపించింది.

ఆ మర్నాడే కుళాయి రోజు. నేను అందరికంటే ముందు లేచి, మా బిందెలు వరసలో అన్నిటికంటే చివర పెట్టాను. పెద్దమ్మ వచ్చి చూసింది. రెండు బిందెలూ ఎత్తి మా మామూలు చోట పెట్టింది.

“ఇవాళ మా వంతు ఎదురింటివాళ్లకి ఇచ్చెయ్యి పెద్దమ్మా. మొన్న వాళ్లది మేం తీసుకున్నాం.”

“ఎవులు తీసుకున్నారు? వీధి ఇచ్చింది. తిరిగిచ్చీడానికి అదేమైనా సేబదులా?” అని నా మొహం చూసి కొంచెం మెత్తబడింది. “బాదపడకు. ఆల్లకీ ఎవులో జహాజ్ దిగుతారు. అప్పుడు నువ్వు మొయ్యి.”

ఆ పొద్దున ఎదురింట్లో పురిటిస్నానమైంది. సాంబ్రాణి పొగ వీధంతా కమ్ముకుంది. పిల్లని తెచ్చి అమ్మ ఒళ్లోనూ, నా ఒళ్లోనూ పెట్టారు. తల ఇంకా తడిగా ఉంది. మెడ మడతల్లో ఎర్రగా చెమటకాయలు. అవి ఆ ఆగిన రోజుల్లో పొక్కినవేనని ఎవరూ అనలేదు, నేనే అనుకున్నాను. కుర్రాడు అప్పటికే వల భుజానేసుకుని బయల్దేరాడు.

ఆ తర్వాత వైజాగ్ నుంచి ఓడ వచ్చిందంటే చాలు, ఎదురింటికి ఎవరైనా వస్తున్నారా అని అమ్మ చేత అడిగించేదాన్ని. వచ్చే మనుషులు ఆ కుటుంబానికి లేరు. ఉన్న ఒక్క అన్నకీ టిక్కెట్టు పెట్టుకునే స్తోమత లేదు. పిల్ల నడిచింది, బడికి పోయింది. దాని ఓడ రాలేదు.

కొన్నేళ్లకి ఇంటింటికీ పైపులు వేశారు. మూల కుళాయి పీకేసిన రోజున వీధంతా సంతోషపడింది, నేను కూడా వాళ్లతో పాటు నవ్వాను. సాయంత్రం మా వంటింటి కుళాయి మొదటిసారి తిప్పి, నీళ్లు పడుతుంటే చాలాసేపు కట్టెయ్యకుండా నిలబడ్డాను. ఇక వరస లేదు. ఆ పిల్ల వంతు నా దగ్గరే ఉండిపోయింది.